మీకు తెలుసా? ఈ అడవిలో పడవే మనిషి భుజమెక్కుతుంది!

నీళ్లే దారులు

అమెరికాలో ఒక అడవి ఉంది. అందులో దారులన్నీ నీళ్లే! మినెసోటా రాష్ట్రం ఉత్తర కొసన, కెనడా సరిహద్దును ఆనుకుని ఉంటుంది. పేరు బౌండరీ వాటర్స్. లోపల ఎన్ని సరస్సులో ఊహించండి. పదా? వందా? కాదండీ, 1,100కు పైగా! ఒకటి దాటితే ఇంకోటి, అదీ దాటితే మరోటి. కెనూ అనే సన్నటి పడవెక్కి తెడ్డు వేసుకుంటూ పోవడమే. చీకటి పడితే ఒడ్డున గుడారం. తెల్లారితే మళ్లీ నీళ్ల మీదికి!

ఈ నీటి దారులన్నీ కలిపితే ఎంత పొడవో చెప్పనా? 1,900 కిలోమీటర్ల పైమాటే! దారి చూపే బోర్డులు కనబడవు. మైలురాళ్లు లేవు. ఎటు తిరగాలో చెప్పే దిక్కు చేతిలోని మ్యాపూ, దిక్సూచీ మాత్రమే. ఈ దీవి పక్కనుంచా, ఆ కొండరాయి పక్కనుంచా? మీరే తేల్చుకోవాలి!

సరస్సులకు అంకెలే పేర్లయితే? ఉన్నాయి మరి! లేక్ వన్, లేక్ టూ, లేక్ త్రీ, లేక్ ఫోర్. మ్యాప్‌లో అచ్చంగా ఇవే పేర్లు! ఈలీ అనే చిన్న ఊరి దగ్గర పడవెక్కితే ఈ 4 సరస్సులూ వరసగా తగులుతాయి. ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ అని లెక్కపెట్టుకుంటూ తెడ్డు వేయొచ్చు. మ్యాప్ మర్చిపోయినా ఈ నాలుగింటి వరస మాత్రం తప్పదు!

సరిహద్దు మీద నార్త్ లేక్, సౌత్ లేక్ అని రెండు సరస్సులున్నాయి. మధ్యలో ఉన్నది 400 మీటర్ల నేల. అంతే! కానీ ఆ కాస్త నేల చేసే పని వింటే ముక్కున వేలేసుకుంటారు. ఇటు పడిన చినుకు సుపీరియర్ సరస్సు మీదుగా తూర్పున అట్లాంటిక్ మహాసముద్రం చేరుతుంది. అటు పడిన చినుకు ఉత్తరాన హడ్సన్ బే దాకా పోతుంది. నాలుగడుగులు వేస్తే నీళ్లు పారే సముద్రమే మారిపోతుంది!

సాగనగా సరస్సు పైకి చూస్తే దీవులే దీవులు. ఏ మూల నీరు లోతో, ఏ మూల తక్కువో పైకి తెలియదు. మరి అడుగు ఎక్కడుందో తెలుసా? లోతైన చోట 85 మీటర్ల కింద! ఎండాకాలంలో పైన హాయిగా ఈతకొట్టొచ్చు. అడుగున మాత్రం అప్పుడూ గడ్డకట్టించే చలే. చల్లటి నీళ్లంటే ప్రాణం పెట్టే లేక్ ట్రౌట్ చేపలు వేసవిలో ఆ లోతుల్లోకి దిగిపోతాయి!

భుజాన పడవ

రెండు సరస్సుల మధ్య నేల అడ్డొస్తే? దిగాలి. పడవను మోసుకెళ్లాలి! ఈ మోత దారిని పోర్టేజ్ అంటారు. దీన్ని మీటర్లలో కొలవరు, మైళ్లలో కొలవరు. రాడ్లలో కొలుస్తారు! ఒక రాడ్ అంటే దాదాపు 5 మీటర్లు. అంటే ఇంచుమించు ఒక కెనూ పొడవు! ఈ పోర్టేజ్ ఎంత అని అడిగితే, ఎన్ని కెనూల పొడవుందో చెప్పినట్టే!

మరి ఇద్దరు కూర్చునే పడవను మోయడానికి ఎంతమంది కావాలి? ఒక్కరు చాలు! పడవను బోర్లించి, మధ్యలోని అడ్డకొయ్యను రెండు భుజాల మీద ఆనించుకుని, చకచకా నడిచిపోతారు. తేలికరకం కెవ్లార్ కెనూ బరువు ఎంతో తెలుసా? దాదాపు 19 కిలోలు! మనింటికొచ్చే బియ్యం బస్తా కంటే తక్కువ! దూరం నుంచి చూస్తే పడవకే కాళ్లొచ్చి అడవిలో నడుస్తున్నట్టు ఉంటుంది.

ఆ కెవ్లార్ ఏంటో తెలిస్తే ఇంకా నోరెళ్లబెడతారు. బుల్లెట్ ప్రూఫ్ జాకెట్లలో వాడేది అదే! స్టెఫనీ క్వోలెక్ అనే మహిళా శాస్త్రవేత్త 1965లో ఈ పోగుకు దారి కనిపెట్టారు. తూటాను ఆపే పోగే ఇవాళ సరస్సులో రాళ్ల దెబ్బలు కాస్తోంది. పోలీసు ఒంటి మీదున్నదే మీ పడవ అడుగునా ఉంది!

అల్యూమినియం కెనూ కథ వినండి. దాన్ని తయారుచేసింది యుద్ధవిమానాల కంపెనీ! గ్రమ్మన్ కంపెనీ పెద్ద ఒకాయన 1944లో బరువైన కెనూను మోసి మోసి అలిసిపోయారు. విమానం రేకుతో పడవ చేస్తే తేలిగ్గా ఉంటుంది కదా అనుకున్నారు. అంతే! యుద్ధం ముగిసింది. విమానాలు చేసిన చేతులే కెనూలు చేశాయి. రాళ్లకు గుద్దుకున్నా సొట్టపడుతుందే తప్ప పగలదు!

అన్నిటికంటే భయపెట్టే పోర్టేజ్ ఒకటుంది. పేరే గ్రాండ్ పోర్టేజ్. పొడవు 13.7 కిలోమీటర్లు! అంత దూరమూ సామాను వీపునే. రెండు వందల ఏళ్ల కిందట బొచ్చుతోళ్ల వ్యాపారపు పడవవాళ్లు దీని మీద మూటలతో ఉరుకులు పెట్టేవారు. ఆ బాట ఇప్పటికీ అలాగే ఉంది. కావాలంటే మీరూ నడవొచ్చు!

అంత దూరం ఎందుకు మోయాలి, నదిలోనే పోవచ్చు కదా అంటారా? పిజియన్ నది ఒప్పుకోదు! సుపీరియర్ సరస్సులో కలిసే ముందు అది 120 అడుగుల ఎత్తు నుంచి ఒక్కసారి కిందికి దూకుతుంది. ఇటు అమెరికా, అటు కెనడా, నడుమ జలపాతం! పడవ పోయే దారే లేదు. అందుకే మనుషులు నేల మీదుగా చుట్టు తిరిగారు.

ఆ పడవవాళ్లను వొయాజర్లు అనేవారు. వాళ్ల మోత చూడండి! ఒక్కో మూట 40 కిలోలు. మోసేది రెండేసి! ఇంకా విచిత్రం, ఆ బరువంతా ఆగేది నుదుటి మీద! తోలు పట్టీని నుదుటికి తగిలించుకుని, ముందుకు వంగి, దాదాపు పరుగులాంటి నడక. ఈ నుదుటి పట్టీని ఇప్పటికీ కొందరు కెనూవాళ్లు ఇష్టంగా వాడతారు!

వొయాజర్ల తెడ్డు వేగం వింటారా? నిమిషానికి దాదాపు 55 సార్లు! సెకనుకు ఒకటి లెక్కే. అదీ తెల్లారకముందు మొదలుపెట్టి పొద్దుగూకే దాకా! లయ తప్పకుండా పాటలు పాడేవారు. పాట ఆగితే పడవ నెమ్మదించేది. అందుకే మంచి గొంతున్నవాడికి పడవలో గిరాకీ ఎక్కువ!

ఒక్క మేకు లేకుండా 25 అడుగుల పడవ! నమ్మరా? బర్చ్ చెట్టు బెరడు, దేవదారు చెక్కలు. కుట్టడానికి స్ప్రూస్ చెట్టు వేళ్లు. చిల్లులు పూడ్చడానికి చెట్టు జిగురు. అంతా అడవి సరుకే! ఓజిబ్వే వంటి ఆదివాసీ జాతులు కనిపెట్టిన పనితనం ఇది. దారిలో చిరిగితే? పక్కనున్న చెట్టే మరమ్మతు షాపు!

కెనూవాళ్ల వీపుసంచికీ పేటెంట్ ఉంది తెలుసా? కమీల్ పొరియే అనే చెప్పులు కుట్టే ఆయన డులూత్ ఊళ్లో తయారుచేశారు. పేటెంట్ వచ్చింది 1882లో! వెడల్పాటి గుడ్డసంచి, తోలు పట్టీలు. కెనూ అడుగున చక్కగా ఇముడుతుంది. అదే తీరు సంచిని ఈనాటికీ ఆ ఊళ్లో కుడుతున్నారు. జనం కొంటున్నారు!

చేతులుంటే చాలు!

మోటారు వద్దంటే అర్థముంది. తెరచాప కూడా వద్దంటే? బౌండరీ వాటర్స్‌లో అంతే! తెరచాప పడవలకు అనుమతి లేదు. కొన్ని సరస్సుల మీద చిన్న మోటార్లకు వీలుంది. మిగతా చోట్లన్నీ తెడ్డుదే రాజ్యం. ఈ అడవికంటూ ప్రత్యేక చట్టం 1978లో వచ్చింది. అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేశారు. గాలి కూడా మీ పడవను తోయకూడదు మరి!

నేల మీదే కాదు, ఆకాశానికీ నిబంధన ఉంది! 1949లో అధ్యక్షుడు ట్రూమన్ ఒక ఉత్తర్వు ఇచ్చారు. సముద్రమట్టానికి 4,000 అడుగుల కంటే కిందికి ఈ అడవి మీద విమానాలు రాకూడదు! మనుషుల ప్రశాంతత కోసం ఆకాశాన్నే పక్కకు జరిపేశారు. ఎంత గొప్ప ఆలోచనో చూడండి!

స్నేహితులంతా కలిసి పాతికమంది వెళ్దామా? కుదరదు! ఒక గుంపులో 9 మందికి మించకూడదు. పదో మనిషి వస్తే వేరే గుంపు, వేరే చోటు. భోజనానికైనా 9 మందికి మించి ఒక్క చోట చేరకూడదు! దానివల్లే నీళ్ల మీద సంత కనిపించదు. గంటలకు గంటలు తెడ్డు వేసినా ఎదురుగా మనిషి జాడ లేని సరస్సులు ఇక్కడ మామూలే.

సోడా డబ్బా తీసుకెళ్తారా? పట్టుకుంటారు! తిండి, పానీయాల రేకు డబ్బాలూ, గాజు సీసాలూ లోపలికి నిషేధం. 50 ఏళ్లకు పైగా ఇదే పద్ధతి! పచ్చడి సీసా కూడా ఇంట్లోనే ఉండాలి. ప్లాస్టిక్ డబ్బాలోకి వంచుకుంటే సరే. ఆ ఖాళీ డబ్బా మళ్లీ మీతోనే తిరిగి రావాలి. అడుగున గాజు పెంకులు లేని సరస్సులో కాలు పెట్టడం ఎంత నిశ్చింతో!

క్యాంప్ వేసే చోట్లు ఎన్నున్నాయో తెలుసా? 2,000కు పైగా! ప్రతిదానికీ రెండే సదుపాయాలు. నిప్పు రాజేయడానికి ఒక ఇనుప జాలీ. ఇంకోటి మరుగుదొడ్డి. దానికి గోడలుండవు, తలుపుండదు, పైకప్పుండదు! అడవి మధ్యలో ఒక్క పీట, అంతే. ఎదురుగా చెట్లు, పైన ఆకాశం. కాపలా కాసేది పిట్టలే!

రాత్రి పూట తిండి ఎక్కడ దాచాలి? గాల్లో! నల్ల ఎలుగుబంట్లు వాసన పట్టేస్తాయి. అందుకే తిండి సంచిని తాడుతో చెట్ల మధ్యకు లాగి వేలాడదీస్తారు. నేలకు 12 అడుగుల పైన ఉండాలి! చెట్టు మొదలుకూ దూరంగా ఉండాలి. అది చేతకాకపోతే ఎలుగు తెరవలేని గట్టి డబ్బా తెచ్చుకోవాలి. ఎలుగు వచ్చి, వాసన చూసి, వెనక్కి పోతుంది!

సరస్సు పక్కనే ఉంది కదా, సబ్బుతో రుద్దుకుని దూకేద్దామా? ఆగండి! మట్టిలో కలిసిపోయే రకం సబ్బు అయినా నీళ్లలో పడకూడదు. నీటికి 200 అడుగుల దూరం వెళ్లి, అక్కడ కడుక్కోవాలి. గిన్నెలకూ ఇదే లెక్క. ఒక్కొక్కరూ పాటించే ఈ చిన్న నియమమే లక్షలమంది వచ్చిపోయినా నీళ్లను తేటగా ఉంచుతోంది!

సరిహద్దు దాటితే కెనడా. అక్కడ క్వెటికో పార్కు. దాదాపు 4,700 చదరపు కిలోమీటర్లు! అందులో లోపలి సరస్సుల ఒడ్డున గుర్తుపెట్టిన క్యాంపులు లేవు. ఇనుప జాలీ లేదు. ఆ గోడల్లేని మరుగుదొడ్డీ లేదు! రాతి ఒడ్డు చూసుకుని, పాత పొయ్యిరాళ్లు వెతుక్కుని గుడారం వేసుకోవాలి. ఇవతలి అడవే పెద్ద సాహసం అనుకుంటే, అవతలిది దాని తాత!

ఇంకో ముచ్చట. అటు క్వెటికోనూ ఇటు బౌండరీ వాటర్స్ ఉన్న సుపీరియర్ జాతీయ అడవినీ కాపాడాలని రెండు దేశాలూ ఎప్పుడు నిర్ణయించాయో తెలుసా? ఒకే ఏడాది, 1909లో! రెండు ప్రభుత్వాలు, రెండు జెండాలు. కొద్ది నెలల తేడాతో ఒకే పని! అందుకే ఇవాళ సరిహద్దు గీతకు రెండు పక్కలా అడవి ఒకేలా పచ్చగా ఉంది.

ఇరుగుపొరుగు

లూన్ అనే పక్షిని చూడాల్సిందే! ఎర్రటి కళ్లు, నలుపు తెలుపు చుక్కల చొక్కా. మామూలు పక్షుల ఎముకలు డొల్లగా ఉంటాయి. దీని ఎముకలు చాలావరకు గట్టివి! ఆ బరువుతో బుడుంగున మునిగి 60 మీటర్ల లోతుకూ పోగలదు. పిల్లలు మాత్రం నీళ్లలో అలిసిపోతే అమ్మ వీపెక్కి షికారు చేస్తాయి!

దుప్పి జాతిలో అన్నిటికన్నా పెద్దది మూస్. దాని కొమ్ములు ఏటా రాలిపోతాయి. మళ్లీ మొలుస్తాయి. ఎంత వేగంగా? ఎండాకాలంలో రోజుకు 2.5 సెంటీమీటర్ల దాకా! జంతులోకంలో ఇంత వేగంగా పెరిగే ఎముక దొరకడం కష్టం. మీ కెనూ పక్కనే నీళ్లలో తల ముంచి, నోటినిండా నాచు పీకి తింటూ కనిపిస్తుంది. గప్‌చుప్‌గా తెడ్డు ఆపి చూడండి!

దారిలో నీళ్లకు అడ్డంగా కట్ట కనిపిస్తే, కట్టిన ఇంజినీరు బీవర్! పళ్లతో చెట్లు కొరికి, కొమ్మలూ మట్టీ పేర్చి ఆనకట్ట కడుతుంది. నీటి అడుగున ఊపిరి బిగబట్టి ఎంతసేపు ఉండగలదు? 15 నిమిషాలు! దాని పళ్లు నారింజరంగులో ఉంటాయి. కారణం వాటిలోని ఇనుము. ఇనుప పళ్లతో చెట్లు కోస్తుందన్నమాట!

గుడారం దగ్గర రొట్టె పట్టుకుని ఏమరుపాటుగా ఉన్నారా? పోయినట్టే! కెనడా జే అనే బూడిదరంగు పిట్ట వచ్చి ఎత్తుకుపోతుంది. తినడానికి కాదు, దాచుకోవడానికి! ఒక్క రోజులో 1,000 చోట్ల దాకా తిండి దాచగలదు. తన జిగురు ఉమ్మితో చెట్టు బెరడుకు అతికిస్తుంది. మంచు కురిసే కాలంలో ఆ చోట్లన్నీ గుర్తుపెట్టుకుని వెతుక్కుంటుంది!

గుండె ఆగిపోయి, మళ్లీ కొట్టుకునే ప్రాణి! కథ కాదు, కప్ప! ఇక్కడి వుడ్ ఫ్రాగ్ చలికాలంలో ఆకుల కింద గడ్డకట్టేస్తుంది. ఒంట్లో నీళ్లలో 65 శాతం దాకా మంచయిపోతుంది. ఊపిరి ఉండదు. గుండె చప్పుడు ఉండదు. వసంతం రాగానే కరుగుతుంది. కళ్లు తెరుస్తుంది. బెకబెకలాడుతూ పెళ్లికి బయల్దేరుతుంది!

తోడేలు ఊళ ఎంత దూరం వినిపిస్తుందో చెప్పుకోండి. అడవిలో దాదాపు 10 కిలోమీటర్లు! మీకు వినబడిందంటే పక్కనే ఉందనుకుని కంగారుపడకండి. ఎక్కడో సరస్సు అవతల తన గుంపును పిలుచుకుంటూ ఉంటుంది. అమెరికాలో చాలాచోట్ల తోడేళ్లను తుడిచిపెట్టేశారు. ఇక్కడి అడవిలో మాత్రం అవి ఏనాడూ కనుమరుగు కాలేదు!

రాయి, నిప్పు, ధాన్యం

ఈలీ ఊళ్లో దిండ్ల ఆకారంలో ఉబ్బిన పచ్చటి రాళ్లున్నాయి. అవి ఒకప్పుడు సముద్రం అడుగున పొంగిన లావా! వేడి లావా చల్లటి నీళ్లు తగిలి అలా ఉండలుగా గట్టిపడింది. ఎప్పుడు? 270 కోట్ల ఏళ్ల కిందట! అప్పటికి భూమ్మీద చెట్టు లేదు, చేప లేదు. ఆ రాయి మీద ఇవాళ మీరు చెయ్యి ఆనించి నిలబడొచ్చు!

గన్‌ఫ్లింట్ అనే రాతి పొర ఇంకో వింత. ఇదే పొర కెనడాలో సుపీరియర్ సరస్సు ఒడ్డున బయటపడిన చోట శాస్త్రవేత్తలు రాయిని పల్చగా కోసి మైక్రోస్కోప్ కింద పెట్టారు. లోపల సూక్ష్మజీవులు! వయసు దాదాపు 188 కోట్ల ఏళ్లు! జీవం ఇంత పాతదా అని లోకమంతా తెల్లబోయింది. కంటికి కనబడని ప్రాణి, రాతిలో చెక్కుచెదరని ముద్ర!

నిప్పు తగిలితేనే తలుపు తీసే కాయ! జ్యాక్ పైన్ చెట్టు కాయలను గట్టి జిగురు మూసి ఉంచుతుంది. ఏళ్లు గడిచినా చాలా కాయలు తెరుచుకోవు. దాదాపు 50 డిగ్రీల వేడి తగలాలి. అప్పుడు జిగురు కరిగి విత్తనాలు రాలతాయి. కార్చిచ్చు తల్లి చెట్టును కాల్చేస్తుంది. అదే బూడిదలో పిల్లలు మొలుస్తాయి!

మంట ఎంత వేగంగా పరిగెత్తగలదు? 2011 సెప్టెంబరులో పగామీ క్రీక్ మంట ఒక్క రోజులో దాదాపు 26 కిలోమీటర్లు దూకింది! జనాన్ని ఖాళీ చేయించడానికి వెళ్లిన అటవీ ఉద్యోగులే మధ్యలో చిక్కుకున్నారు. ఏం చేశారో తెలుసా? చల్లటి సరస్సులో దిగి, నిప్పును ఆపే రక్షణ గుడ్డను తలల మీద కప్పుకున్నారు. ప్రాణాలతో బయటపడ్డారు. ఆ రోజు నీళ్లే అమ్మ ఒడి!

ఇక తుపాను సంగతి. 1999 జులై 4న ఇక్కడ విరుచుకుపడిన గాలి ఊళ్లు దాటింది, దేశాలు దాటింది. మొత్తం 2,000 కిలోమీటర్లకు పైగా ప్రయాణించింది! కోట్లాది చెట్లు పొద్దుతిరిగేలోగా నేలకూలాయి. ఎన్నో పోర్టేజ్ దారులు దుంగలతో మూసుకుపోయాయి. సిబ్బంది వాటిని మళ్లీ తెరిచారు. ఇప్పుడు అక్కడ కొత్త అడవి లేచి నిలబడింది!

నాటు లేదు, దున్నడం లేదు, ధాన్యం మాత్రం ఉంది! సరస్సుల్లో తనంతట మొలిచే వైల్డ్ రైస్ ఓజిబ్వేల పవిత్రమైన తిండి. కోతకు పొలానికి కాదు, కెనూలో వెళ్తారు! ఒకరు గడ వేస్తారు. ఇంకొకరు రెండు చిన్న కర్రలతో కంకుల్ని మెల్లగా తట్టి గింజల్ని పడవలో రాలుస్తారు. ఆ కర్ర 30 అంగుళాలకు మించకూడదని మినెసోటా నిబంధన! నీళ్లలో పడిన గింజలు బురదలో దిగి మళ్లీ ఏటికి పంటవుతాయి.

హెగ్మన్ సరస్సుల దగ్గర కొండరాతి గోడ మీద ఎర్రటి బొమ్మలున్నాయి. మనిషి, మూస్, తోక పొడుగున్న జంతువు, కెనూలు! కారు దిగి 400 మీటర్లు పడవ మోసి, తెడ్డు వేసుకుంటూ పోతే నీళ్ల మీద నుంచే కనిపిస్తాయి. ఎర్రమట్టి రంగు. ఎన్ని వానలు, ఎన్ని మంచులు! చెరగలేదు. ఒక్కటి గుర్తుంచుకోండి. చెయ్యి మాత్రం తాకించకండి, చేతి జిడ్డుకు రంగు పాడవుతుంది!

మనుషులూ తక్కువవాళ్లు కాదు

నైఫ్ లేక్‌లోని దీవి మీద ఒక్కతే ఉన్న నర్సు గురించి విన్నారా? పేరు డొరతీ మోల్టర్. 1930లో మొదటిసారి వచ్చారు. ఆ సరస్సు ఆమెను వదల్లేదు! 1986లో కన్నుమూసేదాకా అక్కడే. కరెంటు లేదు, రోడ్డు లేదు. గాయపడి వచ్చిన కెనూవాళ్లకు కట్లు కట్టేవారు. అందరినీ ఖాళీ చేయించిన ప్రభుత్వమే, జనం పట్టుబట్టడంతో ఆమెను మాత్రం ఉండనిచ్చింది!

విమానాలు ఆగిపోయాయి కదా, మరి ఆమెకు కూల్‌డ్రింకులు ఎలా వచ్చేవి? రాలేదు. ఆమే తయారుచేశారు! పాత సీసాలు కడిగి, సరస్సు నీళ్లతో రూట్ బీర్ అనే మత్తు లేని తియ్యటి పానీయం నింపేవారు. చలికాలంలో కోసి దాచిన మంచుగడ్డలతో చల్లబరిచేవారు. ఏడాదికి 10,000 సీసాలకు పైగా! తెడ్డు వేసి చేతులు పడిపోయినవాళ్లకు ఆ గుటక అమృతమే!

మరి పడవల్లో ఏడాదంతా గడిపిన జంట తెలుసా? ఏమీ, డేవ్ ఫ్రీమన్ దంపతులు. 2015 సెప్టెంబరులో అడవిలోకి వెళ్లి, 366 రోజులు బయటికి రాలేదు! లీపు సంవత్సరం మరి. ఎండాకాలం కెనూ, చలికాలం కుక్కలబండి. గనుల తవ్వకం నుంచి ఈ నీళ్లను కాపాడాలని అందరికీ గుర్తుచేయడానికే ఇంత పట్టుదల!

పైకి చూడండి!

చీకటికి కూడా బిరుదు ఇస్తారు! 2020లో బౌండరీ వాటర్స్‌కు అంతర్జాతీయ డార్క్ స్కై శాంక్చువరీ గుర్తింపు వచ్చింది. వీధి దీపం లేని ఆకాశం కదా! పాలపుంత ఈ కొస నుంచి ఆ కొస దాకా కనిపిస్తుంది. గాలి లేని రాత్రి సరస్సు మీద కెనూ ఆపితే పైన చుక్కలు, కింద చుక్కలు. మధ్యలో మీరు!

జూన్ చివర్లో వెళ్తే పగలు ఎంతసేపో తెలుసా? 16 గంటలు! వంట చేసుకుని, తిని, గిన్నెలు కడిగి, ఇంకో సరస్సు చుట్టి వచ్చినా వెలుతురు మిగిలే ఉంటుంది. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇంతకన్నా వరం ఏముంది? నిద్రపుచ్చడమే కష్టం!

అదే చోట చలికాలం? గుండె దిటవు చేసుకోండి. 1996 ఫిబ్రవరి 2న ఈ అడవి పక్కనున్న టవర్ ఊళ్లో ఉష్ణోగ్రత సున్నాకు 51 డిగ్రీలు కిందికి పడింది! మినెసోటా చరిత్రలో అదే రికార్డు. వేసవిలో తెడ్డు వేసిన సరస్సే అప్పుడు గట్టి నేల. దాని మీద కుక్కలబళ్లు పరుగులు తీస్తాయి!

మరి మీరెప్పుడు?

సరిహద్దు మీది ఈ దారి ఎవరిది? అమెరికాదా, కెనడాదా? ఇద్దరిదీ! 1842 నాటి వెబ్‌స్టర్-ఆష్‌బర్టన్ ఒప్పందంలో స్పష్టంగా రాశారు. ఈ సరిహద్దు నీళ్లూ, మోత దారులూ రెండు దేశాల పౌరులకూ ఉచితంగా తెరిచి ఉండాలి. కలహాలకు కారణమయ్యే సరిహద్దులు లోకంలో ఎన్నో. ఇక్కడి సరిహద్దు మాత్రం పడవలు నడిచే బాట!

మినియాపొలిస్ నగరంలో మన తెలుగువాళ్లు బోలెడుమంది. అక్కడి నుంచి ఈలీ ఊరు కారులో దాదాపు 400 కిలోమీటర్లు! పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి నీళ్ల ఒడ్డున ఉంటారు. కెనూ, తెడ్లు, గుడారం, వంట సామాను అన్నీ అద్దెకిచ్చే దుకాణాలు ఊళ్లోనే ఉన్నాయి. లైఫ్ జాకెట్ మాత్రం మర్చిపోకండి, తీసిపెట్టకండి, వేసుకోండి!

చివరి రహస్యం, జాగ్రత్తగా వినండి. మే 1 నుంచి సెప్టెంబరు 30 దాకా రాత్రి బస చేయాలంటే రోజుకు ఇన్ని గుంపులకే అని కోటా! ప్రతి ప్రవేశ ద్వారానికీ లెక్క వేరు. బుకింగ్ జనవరి చివర్లోనే తెరుచుకుంటుంది. పేరున్న ద్వారాలు చూస్తుండగానే నిండిపోతాయి. కాబట్టి సంక్రాంతి పిండివంటలు అయిపోగానే మ్యాప్ పరిచి కూర్చోండి. ద్వారం ఎంచుకోండి. తేదీ గట్టిగా పట్టుకోండి. తెడ్డు పట్టడం ఆ తర్వాత దానంతటదే వస్తుంది!